రక్షణ కొనుగోళ్లపై పార్లమెంటు పరిశీలన: ఒక్క ఒప్పందాన్ని పద్దు నుంచి ఆడిట్ దాకా వెంబడించడం ఎలా?

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేటాయించిన మొత్తం 6,81,210 కోట్ల రూపాయలు. కేంద్రం ఆ ఏడాది ఖర్చు చేయదలచిన ప్రతి వంద రూపాయల్లో ఇది పదమూడు రూపాయలకు పైమాటే. చట్టసభ ఆమోదించిన ద్రవ్య వినిమయ చట్టం లేకుండా కేంద్ర ఖజానా అయిన సంచిత నిధి నుంచి ఒక్క రూపాయి కూడా తీయరాదని రాజ్యాంగంలోని 114వ అధికరణం శాసిస్తుంది కాబట్టి, ఈ డబ్బుకు అంతిమంగా లెక్క అడగవలసినది పార్లమెంటే. ఆ లెక్క అడగడం నిజంగా జరుగుతోందా, జరిగితే ఎక్కడ జరుగుతోంది, దానిని మామూలు పౌరుడు ఎలా తెలుసుకోవాలి అన్నది ఈ మార్గదర్శిలో విషయం. విలేకరులకు, పోటీ పరీక్షలకు చదువుకునేవారికి, ఎంపీల కార్యాలయాల్లో పనిచేసేవారికి, కుటుంబంలో ఎవరో ఒకరు సైన్యంలో ఉన్న వారికి ఇది ఉపయోగపడాలన్న ఉద్దేశంతో రాస్తున్నాను. ఇందులో చెప్పిన పత్రాలలో అత్యధికం బహిరంగమైనవే, ఉచితంగా దొరికేవే.

మొత్తం రక్షణ బడ్జెట్‌ను ఒకేసారి అర్థం చేసుకోవాలని కూర్చుంటే నాలుగో పేజీ దగ్గరే ఓపిక పోతుంది. అందుకు బదులు ఏదైనా ఒక్క కొనుగోలును ఎంచుకుని, అది ప్రతిపాదనగా పుట్టిన రోజు నుంచి ఆడిట్ నివేదికలో తేలిన రోజు దాకా వెంబడించండి. ఇక్కడ నేను ప్రధానంగా తేజస్ మార్క్-1ఏ యుద్ధ విమానాల కొనుగోలును ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీరు సొంతంగా సాధన చేయడానికి, మనకు దగ్గరగా విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో తయారవుతున్న నౌకాదళ సరఫరా నౌకల ఒప్పందం ఉంది. దాని వివరాలు చివర ఇస్తాను.

మొదటి అడుగు: వార్త ఏ దశకు సంబంధించినదో తేల్చుకోవడం

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే కాబట్టి ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. "54 వేల కోట్ల రక్షణ కొనుగోళ్లకు ఆమోదం" అని పత్రికలో శీర్షిక కనిపించగానే ఆయుధాలు కొనేశారని చాలామంది అనుకుంటారు. 2025 మార్చి 20న రక్షణ కొనుగోళ్ల మండలి ఎనిమిది ప్రతిపాదనలకు, 54,000 కోట్లకు పైబడిన విలువకు ఇచ్చినది కొనుగోలు అనుమతి కాదు, ఆ వస్తువులు అవసరమేనన్న అంగీకారం మాత్రమే. రక్షణ శాఖ పరిభాషలో దీనిని యాక్సెప్టెన్స్ ఆఫ్ నెసెసిటీ అంటారు, క్లుప్తంగా ఏవోఎన్. రక్షణ మంత్రి అధ్యక్షతన పనిచేసే ఈ మండలి కార్గిల్ యుద్ధం తరువాతి సంస్కరణలలో భాగంగా 2001లో ఏర్పడింది.

ఏవోఎన్ తరువాత అమ్మకందారులను ధరతో సహా ప్రతిపాదనలు పంపమని అడుగుతారు. వచ్చిన ప్రతిపాదనలను సాంకేతికంగా మదింపు చేస్తారు, వస్తువును ఎడారిలోనో మంచు కొండల్లోనో పరీక్షిస్తారు, ఆ పరీక్షల్లో నెగ్గినవారి ధరలు విప్పి అతి తక్కువ ధర చెప్పినవారితో బేరమాడతారు, విలువ భారీగా ఉంటే ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం ఆమోదం తీసుకుంటారు, ఆ పైన సంతకాలు జరుగుతాయి. ఈ క్రమాన్నంతా 2020 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన డిఫెన్స్ అక్విజిషన్ ప్రొసీజర్ నిర్దేశిస్తుంది. ఏ దశలోనైనా ప్రతిపాదన ఆగిపోవచ్చు. మధ్యతరహా యుద్ధ విమానాలు 126 కొనడానికి 2007 ఆగస్టులో పిలిచిన టెండరు, ఏళ్ల తరబడి పరీక్షలు, బేరాలు సాగిన తరువాత, 2015లో రద్దయింది.

తేజస్ సంగతి చూడండి. 83 మార్క్-1ఏ విమానాల అవసరాన్ని మండలి 2016 నవంబరులో అంగీకరించింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌ను ప్రతిపాదన పంపమని 2017 డిసెంబరులో అడిగారు. ధరపై సుదీర్ఘ చర్చల తరువాత 2020 మార్చిలో మండలి మళ్లీ ఆమోదముద్ర వేసింది. 2021 జనవరి 13న మంత్రివర్గ సంఘం అనుమతించింది, ఫిబ్రవరి 3న సుమారు 48,000 కోట్ల రూపాయల ఒప్పందంపై సంతకాలయ్యాయి. అవసరమని ఒప్పుకున్న నాటికీ కొనడానికి సంతకం పెట్టిన నాటికీ మధ్య నాలుగేళ్ల మూడు నెలలు గడిచాయి. ఆ మధ్యకాలంలో ఈ విమానాల గురించి వెలువడిన "ఆమోదం" వార్తలన్నింటినీ కూడితే ఒకే విమానాన్ని మూడుసార్లు కొన్నట్టు కనిపిస్తుంది.

కాబట్టి ఒక నోటుపుస్తకంలో తేదీ, దశ, విలువ అని మూడు నిలువు గళ్లు గీసుకుని, ప్రతి వార్తనూ పత్రికా సమాచార కార్యాలయం ప్రకటనతో సరిచూసి నమోదు చేయండి. ఆ ప్రకటనలు తెలుగులోనూ వెలువడుతున్నాయి.

రెండో అడుగు: బడ్జెట్ పత్రాల్లో ఆ డబ్బు ఎక్కడుందో కనిపెట్టడం

రక్షణ శాఖకు నాలుగు పద్దులు ఉంటాయి. ఇటీవలి బడ్జెట్లలో వాటి సంఖ్యలు 19 నుంచి 22 దాకా. 19వ పద్దు శాఖ పౌర విభాగానిది, 20 సైనిక దళాల రెవెన్యూ వ్యయానిది, 21 మూలధన వ్యయానిది, 22 పింఛన్లది. 2025-26లో రెవెన్యూ పద్దుకు 3,11,732 కోట్లు, మూలధన పద్దుకు 1,80,000 కోట్లు, పింఛన్లకు 1,60,795 కోట్లు, పౌర విభాగానికి 28,683 కోట్లు చూపించారు. అంటే రక్షణ బడ్జెట్ అని మనం పిలుచుకునే మొత్తంలో కొత్త ఆయుధాలకు, నౌకలకు, విమానాలకు, భూమికి, నిర్మాణాలకు కలిపి వెళ్లేది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. మిగిలినది జీతాలు, ఇంధనం, రేషన్, మరమ్మతులు, పింఛన్లు.

రెవెన్యూ పద్దును చిన్నచూపు చూడకండి. తూటాలు, ఫిరంగి గుండ్లు, విడిభాగాలు, సియాచిన్‌లో వేసుకునే దుస్తులు ఇందులోనే ఉంటాయి. విమానం మూలధనం పద్దులో వస్తుంది, అది ఎగరడానికి కావలసిన ఇంధనం రెవెన్యూ పద్దులో వస్తుంది. రెండో దానిలో కోత పడితే మొదటి దానిపై పెట్టిన సొమ్ము షెడ్డులో పడి ఉంటుంది.

మీరు వెంబడిస్తున్నది విమానం గనుక 21వ పద్దు తెరవండి. దళాల మూలధన వ్యయమంతా 4076 అనే ప్రధాన శీర్షిక కింద ఉంటుంది, అందులో విమానాలు-ఏరో ఇంజన్లు అనే ఉపశీర్షిక కనిపిస్తుంది. 2025-26లో దానికి 48,614 కోట్లు ఇచ్చారు. ఇక్కడ ఒక ఇబ్బందిని గుర్తుంచుకోవాలి. 2024-25 నుంచి మూడు దళాలకూ ఉమ్మడిగా ఉండే ఇలాంటి ఉపశీర్షికలను రక్షణ శాఖ కలిపివేసింది. అవసరాన్ని బట్టి ఒక దళం డబ్బును మరో దళానికి సర్దుబాటు చేసుకోవడం దీనివల్ల శాఖకు సులువవుతుంది, అయితే వైమానిక దళం విమానాలకు ఎంత, నౌకాదళం విమానాలకు ఎంత అని పద్దు చూసి చెప్పడం పాఠకుడికి కష్టమవుతుంది. నా దృష్టిలో ఇది పరిశీలనకు జరిగిన నష్టమే. దళాలవారీ వివరాల కోసం ఇప్పుడు పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం (దీని గురించి నాలుగో అడుగులో చూద్దాం) నివేదికలపై ఆధారపడవలసి వస్తోంది.

ప్రతి వరుసలోనూ నాలుగు అంకెలు ఉంటాయి: రెండేళ్ల కిందటి వాస్తవ వ్యయం, గడుస్తున్న ఏడాది బడ్జెట్ అంచనా, దాని సవరించిన అంచనా, రాబోయే ఏడాది బడ్జెట్ అంచనా. పరిశీలన అంతా ఈ నాలుగింటి మధ్య ఉన్న తేడాలలోనే ఉంది. 2024-25లో మూలధన పద్దుకు మొదట 1,72,000 కోట్లు ప్రకటించారు. ఏడాది ముగియవస్తుండగా సవరించిన అంచనా 1,59,500 కోట్లకు తగ్గింది, అంటే 12,500 కోట్లు ఖర్చు కాకుండా మిగిలిపోతాయని శాఖే ఒప్పుకున్నట్టు. ఆ తరువాతి ఏడాదికి 1,80,000 కోట్లు ప్రకటించినప్పుడు, దానిని పాత బడ్జెట్ అంచనాతో పోలిస్తే పెరుగుదల నూటికి 5 కన్నా తక్కువ, సవరించిన అంచనాతో పోలిస్తే నూటికి 13కు దగ్గర. ఎవరైనా పెరుగుదల శాతం చెబితే దేనితో పోల్చి చెబుతున్నారో ముందు అడగండి.

ఇంకొక మాట తెలిసి ఉండాలి. మూలధన పద్దులో పెద్ద భాగం కొత్త కొనుగోళ్లకు వెళ్లదు. గత ఏళ్లలో సంతకం చేసిన ఒప్పందాలకు ఈ ఏడాది కట్టవలసిన వాయిదాలను కమిటెడ్ లయబిలిటీస్ అంటారు. ఒప్పందం జరిగిన ఏడాదే మొత్తం సొమ్ము చెల్లించరు కాబట్టి, తేజస్ ఒప్పందం విలువ 48,000 కోట్లైనా ఏ ఒక్క బడ్జెట్‌లోనూ ఆ అంకె కనిపించదు. ముందస్తు చెల్లింపు ఒక ఏడాది, పని పురోగతిని బట్టి మిగతా వాయిదాలు తరువాతి ఏళ్లలో పడతాయి. సరఫరా ఆలస్యమైతే వాయిదా ఆగుతుంది, వాయిదా ఆగితే ఆ ఏడాది కేటాయింపు మిగిలిపోతుంది, మార్చి 31 దాటితే అది మురిగిపోతుంది. మురిగిపోని నిధి ఒకటి ఉండాలని రక్షణ స్థాయీ సంఘం ఎన్నో ఏళ్లుగా సిఫారసు చేస్తూ వచ్చింది. 15వ ఆర్థిక సంఘం కూడా రక్షణ, అంతర్గత భద్రతల ఆధునికీకరణ కోసం 2021-26 మధ్య 2,38,354 కోట్ల రూపాయలతో అటువంటి నిధిని సూచించింది.

మూడో అడుగు: సభలో ఓటింగు

ఈ అడుగు చిన్నది, ఎందుకంటే సభలో జరిగేదే చాలా తక్కువ. 113వ అధికరణం ప్రకారం పద్దులపై ఓటు వేసే అధికారం లోక్‌సభది. రాజ్యసభ చర్చించగలదు, ఓటు వేయలేదు. సభ్యులు కోత తీర్మానాలు ఇవ్వవచ్చు. పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటే విధానాన్నే కాదన్నట్టు, ఒక నిర్ణీత మొత్తాన్ని తగ్గించమంటే పొదుపు కోరినట్టు, 100 రూపాయలు తగ్గించమంటే ఒక ఫిర్యాదును సభ ముందుకు తెచ్చినట్టు. అయితే చర్చకు కేటాయించిన గడువు ముగిసే వేళకు మిగిలిన పద్దులన్నింటినీ ఒకేసారి ఓటుకు పెట్టే గిలెటిన్ పద్ధతి ఉంది. 2018 మార్చిలోనూ, 2023 మార్చిలోనూ ఏ శాఖ పద్దుపైనా చర్చ లేకుండానే అన్నీ ఆమోదం పొందాయి. లక్షల కోట్ల రూపాయలకు సభ నిమిషాల్లో తల ఊపడం నన్ను ప్రతిసారీ కలవరపెడుతుంది. అయితే పరిశీలన అంతా అక్కడే ముగిసిందనుకుంటే పొరపాటు, అసలు పని నాలుగో అడుగులో జరుగుతుంది.

నాలుగో అడుగు: స్థాయీ సంఘం నివేదికను చదవడం

శాఖలవారీ స్థాయీ సంఘాల వ్యవస్థ 1993లో మొదలైంది. అప్పుడు ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావు రక్షణ శాఖను కూడా తన దగ్గరే ఉంచుకున్నారు, అంటే రక్షణ స్థాయీ సంఘం తన తొలి ఏళ్లలో పరిశీలించినది స్వయంగా ప్రధాని చూస్తున్న శాఖనే. ఇప్పుడు ఈ సంఘంలో 31 మంది ఉంటారు, లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులకు ఇందులో చోటు లేదు. బడ్జెట్ ప్రవేశపెట్టిన తరువాత సభకు కొన్ని వారాల విరామం ఇచ్చేది ముఖ్యంగా ఈ సంఘాలు పద్దులను పరిశీలించడానికే. రక్షణ కార్యదర్శి, దళాల ఉపాధిపతులు, పరిశోధన సంస్థల అధికారులు మూసిన తలుపుల వెనుక వచ్చి సమాధానాలు చెబుతారు. మార్చి నడిమికి నివేదికలు సభ ముందుకు వస్తాయి. పార్లమెంటు అధికారిక వెబ్‌సైట్ అయిన సంసద్‌లో కమిటీల విభాగంలో రక్షణ సంఘాన్ని ఎంచుకుంటే లోక్‌సభల వారీగా అన్నీ దొరుకుతాయి.

నివేదికను మొదటి పేజీ నుంచి కాక వెనుక నుంచి చదవమని నా సలహా. చివర సిఫారసులు ఉంటాయి. మీ అంశానికి సంబంధించిన సిఫారసు దొరికాక, అందులో సూచించిన పేరా సంఖ్యల ఆధారంగా వెనక్కి వెళ్లి అధికారుల సమాధానాలు చదవండి. వాటిలో మూడు విషయాలు వెతకండి: దళం ఎంత అడిగింది, ఆర్థిక శాఖ ఎంత ఇచ్చింది, ఇచ్చినదానిలో ఎంత ఖర్చయింది. ఈ మూడు అంకెలు పక్కపక్కన మరే ప్రభుత్వ పత్రంలోనూ ఇంత స్పష్టంగా కనిపించవు. అక్కడక్కడ వాక్యాల స్థానంలో చుక్కల గుర్తులు ఉంటాయి, అవి భద్రతా కారణాలతో తొలగించిన భాగాలు.

ఈ నివేదికల బలం తెలియాలంటే 2018 మార్చిలో వచ్చినదాన్ని చూడాలి. మేజర్ జనరల్ బి.సి. ఖండూరి అప్పుడు సంఘానికి అధ్యక్షులు. సైన్యం ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ సంఘం ముందు చెప్పినదాని ప్రకారం సైన్యం దగ్గరున్న సామగ్రిలో నూటికి 68 వంతులు పాతకాలపువి, 24 వంతులు ప్రస్తుత తరానివి, అత్యాధునికమైనవి 8 వంతులు మాత్రమే. ఆ ఏడాది కేటాయింపు తమ ఆశలపై నీళ్లు చల్లిందన్న భావాన్ని కూడా ఆయన దాచుకోలేదు. యూనిఫాంలో ఉన్న అధికారి ప్రభుత్వ బడ్జెట్ చాలదని ప్రజా ప్రతినిధులకు ముఖాముఖి చెప్పగలిగే వేదిక దేశంలో ఇదొక్కటే అనిపిస్తుంది. అదే ఏడాది సెప్టెంబరులో సంఘం అధ్యక్ష స్థానంలోకి ఖండూరికి బదులు కల్‌రాజ్ మిశ్రా వచ్చారు.

సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడాలన్న నియమం లేదు. కోత తీర్మానం వంటి సూచన చేయడానికి కూడా సంఘానికి అధికారం లేదు. కానీ ప్రతి సిఫారసుకూ మూడు నెలల్లో జవాబు ఇవ్వాలి, ఆ జవాబులను మదింపు చేస్తూ సంఘం మరో నివేదిక ఇస్తుంది. చర్యల నివేదిక అని పిలిచే ఈ రెండో పత్రాన్ని పత్రికలు దాదాపు పట్టించుకోవు, మీరు మాత్రం దీనినే ముందు తెరవాలి. దానిలో ఐదు అధ్యాయాలు ఉంటాయి. రెండో అధ్యాయంలో ప్రభుత్వం అంగీకరించిన సిఫారసులు, మూడో దానిలో జవాబు చూశాక సంఘం వదిలేసినవి, నాలుగో దానిలో జవాబుతో సంఘం తృప్తి పడనివి, ఐదో దానిలో ఇంకా తుది జవాబు రానివి ఉంటాయి. మీ అంశం నాలుగో అధ్యాయంలో ఉంటే అక్కడ నిజమైన వివాదం ఉందని అర్థం. వరుసగా రెండు మూడేళ్లు ఐదో అధ్యాయంలోనే ఉంటే శాఖ దానిని నానుస్తోందని అర్థం. దీనికి తోడు, సిఫారసుల అమలు ఎంతవరకు వచ్చిందో సంబంధిత మంత్రి ఆరు నెలలకోసారి సభలో ప్రకటన చేయాలని స్పీకర్ ఆదేశాల్లోని 73ఏ చెబుతోంది.

ఐదో అడుగు: సభలో ప్రశ్నలు, జవాబులు

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు మౌఖిక సమాధానానికి, 230 గుర్తు లేని ప్రశ్నలు రాతపూర్వక సమాధానానికి జాబితాలో చేరతాయి. ఇటీవలి సంవత్సరాల్లో రక్షణ శాఖ వంతు సాధారణంగా లోక్‌సభలో శుక్రవారం, రాజ్యసభలో సోమవారం వస్తోంది. నక్షత్ర గుర్తు ప్రశ్నలకు అనుబంధ ప్రశ్నలు వేసే వీలుంది కాబట్టి టీవీలో అవే కనిపిస్తాయి. సమాచారం కావలసినవారికి మాత్రం గుర్తు లేని ప్రశ్నలే నిధి.

జవాబు ఎలా వస్తుందన్నది ప్రశ్న ఎలా అడిగారన్నదానిపై ఆధారపడి ఉంటుంది. "తేజస్ విమానాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి" అని అడిగితే స్వావలంబన గురించి ఒక పేరా వస్తుంది. "2021 ఫిబ్రవరి 3 నాటి ఒప్పందం ప్రకారం మొదటి విమానం అప్పగించవలసిన తేదీ ఏది, ఇప్పటికి అందిన ఇంజన్లు ఎన్ని, ఆలస్యానికి ఒప్పందంలోని జరిమానా నిబంధన ప్రయోగించారా, ప్రయోగిస్తే ఎంత మొత్తం" అని అడిగితే తప్పించుకోవడం కష్టం. ఆ విమానాల అప్పగింత 2024లో మొదలవాల్సింది. అమెరికా సంస్థ జీఈ పంపవలసిన ఎఫ్-404 ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో గాని అందలేదు. ఈలోగా, 42 స్క్వాడ్రన్లు (యుద్ధ విమానాల బృందాలు) ఉండవలసిన వైమానిక దళం, 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు సెలవు తీసుకోవడంతో 29 స్క్వాడ్రన్లకు దిగింది. అందుకే ఆ ప్రశ్నలోని ప్రతి ముక్కకూ అంకె రూపంలో జవాబు కావాలి.

"సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అని మంత్రి జవాబిస్తే అక్కడితో వదిలేయకండి. అది సభకు ఇచ్చిన హామీగా నమోదవుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేరిందో లేదో చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ప్రత్యేకంగా ఒకటి ఉంది.

ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది వెళ్తున్నారు, రాజ్యసభలో మనవారు 11 మంది, 7 మంది. భారత్ డైనమిక్స్, మిధాని, క్షిపణి ప్రయోగశాలలు హైదరాబాదులో ఉన్నాయి, సాయుధ వాహనాల కర్మాగారం మెదక్ జిల్లా పాత హద్దుల్లోని ఎద్దుమైలారంలో ఉంది, తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం విశాఖలో ఉంది. ఇన్ని ఉన్న ప్రాంతం నుంచి వెళ్లిన సభ్యులకు పదునైన ప్రశ్న రాసి పంపడం మన చేతిలో పనే. కనీసం మూడు వారాల ముందు పంపండి, ఎందుకంటే ప్రశ్నకు 15 రోజుల ముందస్తు నోటీసు కావాలి. ఉపోద్ఘాతం లేకుండా, ఎంపీ ఉన్నదున్నట్టు సంతకం చేయగలిగేంత శుభ్రంగా రాయండి.

ఆరో అడుగు: కాగ్ నివేదిక, ఆ తరువాత ప్రజా పద్దుల కమిటీ

ఇంతదాకా చూసినవి డబ్బు ఖర్చయ్యే ముందు, ఖర్చవుతుండగా జరిగే పరిశీలన. ఖర్చయ్యాక జరిగేది ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్ చేతిలో ఉంటుంది. 151వ అధికరణం ప్రకారం కాగ్ తన నివేదికలను రాష్ట్రపతికి సమర్పిస్తే, రాష్ట్రపతి వాటిని ఉభయ సభల ముందు ఉంచేట్టు చూస్తారు. ఆ తరువాత ప్రజా పద్దుల కమిటీ వాటిలో ముఖ్యమైనవాటిని తీసుకుని అధికారులను పిలిచి ప్రశ్నిస్తుంది. ఈ కమిటీలో 22 మంది ఉంటారు, 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడిని అధ్యక్షుడిగా నియమించే సంప్రదాయం కొనసాగుతోంది.

కాగ్ నివేదిక సమర్పణ, సభలో ఉంచడం, కమిటీ పరిశీలన అన్న ఈ మూడు వేర్వేరు సంఘటనలు. ఈ తేడా ఎంత ముఖ్యమో రఫేల్ వ్యవహారం చూపింది. 36 విమానాల కొనుగోలుపై దాఖలైన పిటిషన్లను 2018 డిసెంబరు 14న కొట్టివేస్తూ సుప్రీంకోర్టు, ధర వివరాలను కాగ్‌కు ఇచ్చారని, కాగ్ నివేదికను ప్రజా పద్దుల కమిటీ పరిశీలించిందని తన తీర్పులో పేర్కొంది. అప్పటి కమిటీ అధ్యక్షుడు మల్లికార్జున ఖర్గే అలాంటి నివేదికే తమ దగ్గరకు రాలేదన్నారు. తాము సాధారణంగా అనుసరించే పద్ధతిని వివరించామని, కోర్టు దానిని జరిగిపోయినదిగా అర్థం చేసుకుందని చెబుతూ కేంద్రం మర్నాడే సవరణ కోరింది. నిజానికి ఆ కాగ్ నివేదిక సభ ముందుకు వచ్చినది 2019 ఫిబ్రవరి 13న. ఒప్పందం ధర, పైన చెప్పిన రద్దయిన 126 విమానాల టెండరులోని 2007 నాటి ధరతో సరిపోల్చితే 2.86 శాతం తక్కువని అందులో తేల్చారు, కానీ అసలు ధర అంకెలను మరుగుపరిచారు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం తీర్పులోనే క్రమం తారుమారైనప్పుడు, మనం తేదీలు సరిచూసుకోకుండా ఏదీ నమ్మకూడదు. సభ ముందుంచిన పత్రాల జాబితా ఏ రోజుకారోజు సంసద్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఏ నివేదికైనా అందులో కనిపిస్తేనే వచ్చినట్టు.

కాగ్ రక్షణ నివేదికలు ఎంత సూటిగా ఉండగలవో 2017 జులైలో వచ్చిన మందుగుండు నివేదిక చెబుతుంది. పరిశీలించిన 152 రకాల మందుగుండులో 61 రకాల నిల్వలు పది రోజుల యుద్ధానికైనా చాలవని అందులో ఉంది. 2015లో తేజస్ తొలి రూపంపై ఇచ్చిన నివేదిక, వైమానిక దళం కోరిన లక్షణాలలో 20 శాశ్వత మినహాయింపులు, 33 తాత్కాలిక మినహాయింపులు ఇవ్వవలసి వచ్చిందని లెక్కపెట్టి చెప్పింది. మార్క్-1ఏను ఎందుకు మెరుగుపరచవలసి వచ్చిందో ఆ నివేదిక చదివితే అర్థమవుతుంది. అందుకే మీరు వెంబడిస్తున్న వస్తువు పాత రూపంపై వచ్చిన కాగ్ నివేదికను తప్పక వెతకండి.

కొన్నేళ్లుగా రక్షణ ఆడిట్ నివేదికలలో చాలావాటిని కాగ్ తన వెబ్‌సైట్‌లో పెట్టడం లేదు. ఇది తెలిసి తీసుకున్న నిర్ణయమేనని అప్పటి కాగ్ రాజీవ్ మెహ్రిషి 2020లో చెప్పారు. సభ ముందు ఉంచిన పత్రం గోప్యం ఎలా అవుతుందో నాకు బోధపడదు. ఆ పత్రం ఎంపీల వద్ద ఉంటుంది, పార్లమెంటు గ్రంథాలయంలో ఉంటుంది, పౌరుడి చేతికి మాత్రం సులువుగా రాదు. మీ ఎంపీ కార్యాలయం ద్వారా అడగడం ఒక దారి, ఆ నివేదికపై ప్రజా పద్దుల కమిటీ తరువాత ఇచ్చే నివేదికను సంసద్ వెబ్‌సైట్‌లో చదవడం మరో దారి. కాగ్ లేవనెత్తిన ప్రతి పేరాపై నాలుగు నెలల్లో తీసుకున్న చర్యల వివరణ ఇవ్వవలసిన బాధ్యత శాఖది, ఆలస్యాలను కమిటీ తన నివేదికల్లో ప్రస్తావిస్తుంది.

ఏడో అడుగు: సంయుక్త కమిటీ అడిగినప్పుడు

పెద్ద ఆరోపణ వచ్చిన ప్రతిసారీ సంయుక్త పార్లమెంటరీ కమిటీ వేయాలన్న డిమాండ్ వినిపిస్తుంది. 410 ఫిరంగుల కోసం 1986 మార్చిలో బోఫోర్స్ సంస్థతో చేసుకున్న 1,437 కోట్ల ఒప్పందంపై అలాంటి కమిటీ బి. శంకరానంద్ అధ్యక్షతన 1987లో ఏర్పడింది. అప్పుడు లోక్‌సభలో 30 స్థానాలతో అతిపెద్ద ప్రతిపక్షంగా ఉన్నది తెలుగుదేశం. ప్రధాన ప్రతిపక్షాలు కమిటీని బహిష్కరించాయి. కమిటీ 1988లో ఇచ్చిన నివేదిక ప్రభుత్వాన్ని తప్పుపట్టలేదు. సభను కుదిపింది మాత్రం 1989 జులైలో వచ్చిన కాగ్ నివేదిక, దాని తరువాత ప్రతిపక్ష సభ్యులు మూకుమ్మడిగా రాజీనామాలు చేశారు. కమిటీలో ఎవరున్నారన్నది ముందు చూసి, ఆ తరువాతే దాని నిర్ణయాన్ని తూచండి. ఏ పార్టీ బలం ఎంతో అదే నిష్పత్తిలో కమిటీలో స్థానాలు ఉంటాయి.

గోప్యత గోడ ఎదురైతే

దళాల యుద్ధ ప్రణాళికలు, ఆయుధాల సామర్థ్యం, మోహరింపు బయటపెట్టాలని ఎవరూ కోరకూడదు, కోరడం లేదు. లోక్‌సభ నియమాల్లో 270వది కూడా దేశ భద్రతకు హాని అనుకుంటే కమిటీకి సైతం పత్రం ఇవ్వకుండా ఉండే వెసులుబాటు ప్రభుత్వానికి ఇస్తుంది. కానీ ఆలస్యం, జరిమానా, కేటాయింపు, ఖర్చు, పోటీకి వచ్చిన సంస్థల సంఖ్య అనేవి రహస్యాలు కావు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ గీత గుర్తుంచుకోండి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది కాబట్టి అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల విషయంలో తప్ప సమాధానం ఇవ్వనవసరం లేదు. అదే విషయాన్ని రక్షణ శాఖను అడిగితే 30 రోజుల్లో ఏదో ఒక జవాబు రావాలి. తిరస్కరిస్తే ఏ సెక్షన్ కింద అన్నది రాయమనండి: 8(1)(ఏ) అంటే భద్రత, 8(1)(డి) అంటే వాణిజ్య గోప్యత, 8(1)(సి) అంటే సభా హక్కులు. ఒప్పందం ముగిశాక కూడా వాణిజ్య గోప్యత పేరు చెబితే మొదటి అప్పీలులో ఆ సంగతి నిలదీయవచ్చు.

మీ సాధనకు ఒక ఒప్పందం

నౌకాదళానికి ఐదు సరఫరా నౌకలు నిర్మించి ఇవ్వడానికి 2023 ఆగస్టు 25న హిందుస్థాన్ షిప్‌యార్డ్‌తో సుమారు 19,000 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. సముద్రం మీదే యుద్ధ నౌకలకు ఇంధనం, మంచినీరు, మందుగుండు, ఆహారం అందించే ఈ నౌకలు ఒక్కొక్కటి 44,000 టన్నులవి. మొదటి నౌకకు ఉక్కు కోత 2024 ఏప్రిల్ 10న మొదలైంది. అప్పగింతలు 2027 నడుమ నుంచి మొదలవాలన్నది ప్రకటించిన లక్ష్యం.

నోటుపుస్తకంలో ఒక కొత్త పేజీ తెరిచి ఈ మూడు తేదీలు రాసుకోండి. ఫిబ్రవరి 1న బడ్జెట్ రాగానే 21వ పద్దులో నౌకాదళ నౌకల ఉపశీర్షిక ఎదుట ఉన్న నాలుగు అంకెలు నమోదు చేయండి, 2025-26లో దాని బడ్జెట్ అంచనా 24,390 కోట్లు. మార్చిలో స్థాయీ సంఘం నివేదిక వచ్చినప్పుడు షిప్‌యార్డ్ పేరు వెతికి పేరా సంఖ్యతో సహా రాసుకోండి. ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ ఆ షిప్‌యార్డ్‌ను పరిశీలనకు తీసుకుందేమో ఏటా ఒకసారి చూడండి. తరువాత విశాఖ ఎంపీకి ఒకే ప్రశ్న పంపండి: ఒప్పందం ప్రకారం ఇప్పటికి పూర్తి కావలసిన దశలు ఎన్ని, పూర్తయినవి ఎన్ని, ఇప్పటిదాకా చెల్లించిన మొత్తం ఎంత. జవాబు వచ్చిన రోజు దానిని బడ్జెట్ అంకెల పక్కన అతికించి, తేడా కనిపించిన చోట ఎర్ర సిరాతో గీత గీసి, ఆ గీత దగ్గరే తరువాతి ప్రశ్న రాసుకోండి.